షట్టర్ పని ఇంకా కాలేదు

పుంగనూరు,
3-6-2025

అక్క సిద్ధమ్మకు తమ్ముడు తిమ్మప్ప నమస్కారం పెట్టి రాసేది.

ముందుగా ఒక మాట. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. మూడో తరగతితో ఆపేసిన చదువు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నిన్న నువ్వు అర్చన ఫోనుకు చేశావు. కోడలు ఫోను నా చెవి దగ్గర పెట్టింది. ఈగ తిరిగినట్టు చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. ఊ, ఊ అన్నాను. ఏమీ అనుకోవద్దు. తర్వాత కోడలే గట్టిగా అరిచి చెప్పింది. మీ ఇంటి షట్టర్ ఎత్తితే వీధంతా లేస్తోందనీ, మిద్దె మీద ఉండే ఇంటామె గొడవ పెడుతోందనీ, బావ చీకటితోనే లేచి దాన్ని ఎత్తుతున్నాడనీ. అంతే. మిగతాది నువ్వు ఆమెకు చెప్పి ఉండవు. నాకు రాయి.

నాకు తోచింది ఒకటే. ఆముదం పోయి. నాయన బండి ఇరుసుకు ఆముదమే కదా పెట్టేవాడు. మన బండి పక్కన పోతున్నా తెలిసేది కాదు. షట్టర్ కూడా ఇనుమే.

ఇక్కడ వానలు లేవు. ఆవు ఈనింది, పెయ్యదూడ. బావను అడిగానని చెప్పు. ఎవరని అడిగినా సరే, చెప్పు.

నీ తమ్ముడు
తిమ్మప్ప


కుప్పం,
9-6-2025

చిరంజీవి తమ్ముడు తిమ్మప్పను అక్క దీవించి రాసేది.

రాసింది పది ముక్కలు, అందులో సగం సంజాయిషీ. నీ రాత నాకు కొత్తా? పలక మీద నీ చేయి పట్టుకుని దిద్దించింది నేనే. చదువుకున్నాను, అర్థమైంది. ఆముదం పోయమన్నావు, పోశాను, చెడింది. అది చివర చెబుతాను.

నువ్వు ఈ ఇల్లు చూడలేదు కాబట్టి రాస్తున్నా. కింద వాటా మాది. ముందర మీ బావ టెంపో బండి పెట్టుకునే షెడ్డు, దాని వెనక రెండు గదులు. బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా ఆ షట్టర్ ఒక్కటే దారి. బండి ఉన్నప్పుడు అది బాగానే ఉండింది. మీ బావ ముప్పై ఏళ్ళు పల్లెల్లో టమోటా ఎత్తుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు తోలిన మనిషి. తెల్లవారి వేలానికి అందుకోవాలని చీకటితోనే షట్టర్ ఎత్తేవాడు. ఇప్పుడు బండి లేదు. ఆయన మతిమరుపు ముదిరినప్పుడే హరీష్ వచ్చి అమ్మించేశాడు. హరీష్ ఎవరో మరిచిపోయి ఉంటావు, మీ బావ తమ్ముని కొడుకు, బెంగళూరులో ఉంటాడు. మాకు పిల్లలు లేకపోయినా కొడుకులాగే చూస్తాడు, కాదనను.

బండి పోయింది గానీ లేచే వేళ పోలేదు. రోజూ అదే పొద్దుకు లేస్తాడు. షట్టర్ ఎత్తుతాడు. "ఏమే, బండి యాడ?" అంటాడు. "అమ్మేస్తిమి గదా" అంటాను. "నన్నడగకుండా యాల అమ్మినారే!" అని నా మీద అరుస్తాడు, షట్టర్ దించుతాడు, మళ్ళీ ఎత్తుతాడు. బండి వచ్చిందేమో చూద్దామని. నేను పోయి చేయి పట్టుకుని లోపలికి తెచ్చేసరికి తెల్లారిపోతుంది. తాళం వేసి చూశాను. తాళం ఉంటే రెండు చేతులతో షట్టర్‌ను గుద్దుతాడు, చిన్నపిల్లవాడిలాగా ఏడుస్తాడు. ఎత్తే శబ్దమే మేలు.

మిద్దె మీద ఇంటామె మాధవీలత మంచిదే. పోయిన నెల ఆమె కోడలు పురుడు పోసుకుని వచ్చింది. మొన్న మెట్ల మీద నిలబడి అంది: "సిద్ధమ్మక్కా, కాని మాట అంటాండానని అనుకోవద్దు. మీ షట్టర్ అరుపుకు బిడ్డ ఉలిక్కిపడి లేస్తాండాది. మళ్ళా తెల్లార్లూ పండుకోదు. ఆషాఢంలో ఇల్లు మారమని ఎవుర్నీ అనగూడదు. శ్రావణం పుట్టేలోపల దాని నోరన్నా మూయించండి, ఇల్లన్నా సూసుకోండి." ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఈయన్ను చూశాక కుప్పంలో మాకు ఇల్లెవరిస్తారు? ఆయనకు ఈ ఇల్లు ఒక్కటే ఇంకా గుర్తుంది. వేరే ఇంట్లో నీళ్ళ కుండ ఎక్కడుందో కూడా తెలియదు.

ఇక నీ ఆముదం సంగతి. సీసా మొత్తం పోశాను. ఒక పూట మెత్తగా ఆడింది. మా వీధి గ్రానైట్ లారీలు పోయే దారి, ఆ పొడంతా దానికి అంటుకుని గాడిలో హల్వా అయి కూర్చుంది. ఇప్పుడు ముందుకంటే పెద్దగా అరుస్తోంది. మధ్యలో నిలిచిపోయి మరీ అరుస్తోంది. బండి ఇరుసట, బండి ఇరుసు!

ఇద్దరం బతికే ఉన్నాం.

నీ అక్క
సిద్ధమ్మ


పుంగనూరు,
14-6-2025

అక్కకు తిమ్మప్ప నమస్కారాలు.

ఆముదం తప్పు నాదే. షట్టర్లు అమర్చే అంగడికి పోయి అడిగాను. నవ్వాడు. గాడిలో జిడ్డు పెట్టకూడదట. దుమ్ము పట్టుకుంటుందట. గాడిని డీజిల్ గుడ్డతో తుడిచి, తీగ బ్రష్‌తో గీకి, మైనం రుద్దాలట. నూనె పైన స్ప్రింగుకు, రాడ్డుకు మాత్రమేనట. అది కూడా కుట్టు మిషను నూనె. కాగితం మీద రాసిచ్చాడు.

నువ్వు స్టూలు ఎక్కవద్దు. నేనే ఒక పొద్దు వచ్చి చేసి పోతాను. ఉండను. నాయన సంగతి నీకు తెలుసు. మేనత్త ఇంటికి పోయినా పొద్దు వాలకముందే చెప్పులు వేసుకునేవాడు. అక్క ఇంట్లో, చెల్లెలి ఇంట్లో మంచం వేసుకుంటే ఆ ఇంటి మగవానికి చిన్నతనం అనేవాడు. నాకూ అదే అలవాటైంది.

తప్పులు సర్దుకో.

తిమ్మప్ప


కుప్పం,
24-6-2025

తమ్ముడు తిమ్మప్పకు,

దీవెనలు తర్వాత రాస్తాను. ముందు అడగాల్సింది ఉంది.

మొన్న మాధవీలతను కాసేపు మీ బావ దగ్గర కూర్చోమని చెప్పి నేను మాత్రల కోసం ఆస్పత్రికి పోయాను. తిరిగొచ్చి షట్టర్ మీద చేయి వేశాను. పైకి పోయింది! గాలికి పోయినట్టు పోయింది. ఒక్క సడి లేదు. నాకు భయమేసింది. మాధవీలత చూస్తే మెట్ల మీద పళ్ళికిలిస్తోంది.

"ఎవరొచ్చినారు?" అంటే మీ బావ, "మేస్త్రీ వచ్చి చేసి పోయినాడే. పని తెలిసినోడు. టీ తాపించినా" అన్నాడు. ఏ మేస్త్రీ అని తలబాదుకున్నాను. చివరికి మాధవీలత చెప్పింది. ఎర్ర తువ్వాల, చెవుడు, అడిగినదానికి నవ్వడం తప్ప మాట లేదట. అప్పుడు తెలిసింది నువ్వని. వస్తానని రాశావు గానీ, ఇట్లా చెప్పకుండా వచ్చి పోతావనుకోలేదు.

పుంగనూరు నుంచి కుప్పం దాకా వచ్చి, ఇంకొక్క గంట కూర్చోలేకపోయావా? నీకోసం అలసందల వడలు చేయనా? ఉండనంటే ఉండవు, సరే, నాయన చెప్పినాడు. తినొద్దని కూడా చెప్పినాడా? నేను రాత్రి అన్నం ముందర పెట్టుకుని ఆలోచించాను. మీ బావ ఆ స్థితిలో ఉంటే చూడలేక పోయావేమో. లేకపోతే సిగ్గేమో. ఇట్లాంటి మనిషికి బావమరిదినని పదిమందిలో చెప్పుకోవడానికి సిగ్గు. బంధువులు చాలామంది రావడం మానేశారు. నువ్వు కూడానా?

ఇంటామె పాయసం తెచ్చి ఇచ్చింది. ఇల్లు ఖాళీ చేయమని ఇంక అనదు. అందుకు మాత్రం నీకు పుణ్యముంటుంది.

సిద్ధమ్మ


పుంగనూరు,
28-6-2025

అక్కకు నమస్కారం.

నీ జాబు చదివాను. నాకు చెప్పడం రాదు. అయినా రాస్తాను.

నేను పోయేసరికి బావ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా చేతిలో బ్రష్, డీజిల్ డబ్బా చూశాడు. బావ గొంతు పెద్దది కదా, పక్కన నిలబడి అరిచాడు కాబట్టి నాకు వినపడింది.

"ఏమప్పా మేస్త్రీ, ఇప్పుడా వచ్చేది?"

"బస్సు లేటన్నా" అన్నాను. బావా అని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు.

"నీ పేరేమి?"

"తిమ్మప్ప."

"మా బావమరిది పేరు గూడా తిమ్మప్పే. మంచోడు. కానీ వాని నోట్లోనుంచి మాట రావల్లంటే పారతో తవ్వల్ల" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ తర్వాత నేనే ఆ తిమ్మప్పనని ఎట్లా చెప్పేది? పని చేసుకున్నాను. స్టూలు ఆయనే పట్టుకున్నాడు. జాగర్త అంటూనే ఉన్నాడు. టీ తెప్పించి, గ్లాసు తన చేత్తో ఇచ్చాడు. నువ్వు వస్తే, ఇతను నీ బావమరిది కదా అని చెబుతావు. ఆయన తల దించుకుంటాడు. అది చూడకూడదని వచ్చేశాను. సిగ్గు నాది కాదు. ఆయనకు సిగ్గు కలగకూడదని.

షట్టర్ నిజంగా సడి చేయలేదా? నాకు తెలియదు. చెవులు లేవు కదా. చేత్తో రేకు పట్టుకుని చూశాను. మొదట ఒకటే వణుకు. చివరికి వణుకు ఆగిపోయింది. అప్పుడు చాలనుకున్నాను.

వడలు ఇంకోసారి.

తిమ్మప్ప


పుంగనూరు,
7-7-2025

అక్కకు తిమ్మప్ప రాసేది.

ఫోన్లో అర్చన నీకు చెప్పింది కదా. బావ మా దగ్గర క్షేమంగా ఉన్నాడు. ఫోన్లో నువ్వు ఏడుస్తూనే ఉన్నావట. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఆదివారం హరీష్ కారులో వచ్చి తీసుకుపోతాడు. ఆ లోపల ఇది నీకు అందుతుందో లేదో.

బావ నీకు తెలియకుండా షట్టర్ ఎత్తి, మొదటి బస్సు ఎక్కి మదనపల్లెకు పోయాడు. మన పుంగనూరు బస్టాండులో కూడా ఆగి ఉంటుంది ఆ బస్సు. నేను అప్పుడు పాలు పితుకుతున్నాను. యార్డులో ఆయన్ను చూసిన హమాలీ ఒకాయన, చొక్కా జేబులో నువ్వు కుట్టి పెట్టిన నంబరు చూసి హరీష్‌కు ఫోను చేశాడు. హరీష్ మా అబ్బాయి మనోజ్‌కు చేశాడు. మేం దగ్గర కదా. నేనూ మనోజ్ పోయాం.

టమోటా కాలం. యార్డులో కాలు పెట్టే చోటు లేదు. బోర్లించిన క్రేటు మీద కూర్చుని ఉన్నాడు. హమాలీ నా చెవి దగ్గర అరిచి చెప్పాడు: "పొద్దున్నించి ఈడనే ఉండాడప్పా. లోడు దిగల్ల, వేలం పాడల్ల అంటాండాడు. బండి నంబరడిగితే కరెక్టుగా చెప్తాండాడు. ఎవుర్నీ ఏమీ అన్లే. అన్నం పెట్టిస్తిమి." చెప్పులు లేవు. కాలికి చిన్న దెబ్బ. అంతే, ఇంకేమీ లేదు.

నన్ను చూసి లేచాడు. "మేస్త్రీ, నువ్వు గూడా ఈడికే వస్తివా! నా బండి కనపడలేదప్పా" అన్నాడు. నన్ను గుర్తు పట్టాడు, అక్కా. మేస్త్రీగానే. చేయి పట్టుకుంటే వచ్చాడు.

మరుసటి రోజు చీకటితోనే లేచాడు. యార్డుకు పోవాలన్నాడు. మనోజ్ వద్దంటే వాని చొక్కా పట్టుకున్నాడు. నాకు ఏం తోచిందో, గేటు దగ్గరికి పోయి బోల్టు ఊడదీసి కూర్చున్నాను.

"ఏమైంది మేస్త్రీ?"

"గేటు పట్టేసిందన్నా. పని చేస్తాండా. అయినాక పోదువులే."

ఆయన కోపం అక్కడే పోయింది. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "నిదానంగా చెయ్. తొందరపడితే మళ్ళా చెడుతుంది" అన్నాడు. నేను బోల్టు బిగించడం, ఊడదీయడం. బాగా తెల్లారాక యార్డు సంగతి మరిచిపోయి కాఫీ అడిగాడు. ఈ రోజూ అట్లాగే జరిగింది. గేటు తీయడానికి లేదు కాబట్టి మనోజ్ పాలకేంద్రానికి గోడ దూకి పోయాడు.

ఆ షట్టర్ అరిచి ఉంటే నువ్వు లేచి ఉండేదానివి. అది నాకు తెలుసు. నువ్వు అనకముందే నేను అంటున్నాను.

తిమ్మప్ప


కుప్పం,
13-7-2025

తమ్ముడు తిమ్మప్పకు,

ఆయన ఇల్లు చేరాడు. హరీష్ దించి పోయాడు.

నీ మీద కోపం వచ్చింది. వచ్చిందని రాయకపోతే నాకు అన్నం దిగదు. ఆ రోజు పొద్దున నేను ఎండ మొహాన పడేదాకా పడుకున్నాను. ఎన్ని నెలలైందో అట్లా నిద్రపోయి. లేచి ఏమనుకున్నానో తెలుసా? ఎంత హాయిగా ఉంది, ఎంత నిశ్శబ్దంగా ఉంది అనుకున్నాను. ఆ తర్వాత చూస్తే షట్టర్ నిలువునా తెరిచి ఉంది, పక్క ఖాళీగా ఉంది. నేను ఎవరిని తిట్టుకోవాలి? నిన్నా, నా నిద్రనా?

శబ్దం ఉంటే ఇల్లు లేదు. శబ్దం లేకుంటే మనిషి లేడు. నా బతుకు ఇట్లా అయింది.

హరీష్ కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "పెద్దమ్మా, బెంగళూరులో మతిమరుపోళ్ళను చూసుకునే హోమ్ ఒకటి చూసినాను. డాక్టరు ఆడనే ఉంటాడు. ఈసారి బస్సెక్కినాడు, ఇంకోసారి రైలెక్కితే యాడ వెతుకుతాము?" అన్నాడు. నెలాఖరుకు వస్తాడట. వాడు చెడ్డవాడు కాదు, తిమ్మప్పా. అదే నాకు కష్టం. చెడ్డవాడైతే తిట్టి పంపి ఉందును. ఆ హోమ్‌లో ఈయన ఏ తలుపు ఎత్తుతాడు? ఏ బండి కోసం చూస్తాడు?

షట్టర్‌కు తాడు కట్టి, దానికి అన్నం తినే స్టీలు తట్టలు వేలాడదీశాను, కదిలిస్తే గలగలమంటాయని. ఆయన ముందుగా తట్టలు దించి, తాడు ముడి విప్పి, చుట్టగా చుట్టి మూల పెట్టాడు. లోడు తాడనుకున్నాడు పాపం. తట్టలు కడిగి బోర్లించాడు కూడా. ఇప్పుడు నా కొంగు ఆయన మణికట్టుకు కట్టుకుని పడుకుంటున్నాను. ఆయన పక్కకు తిరిగితే నాకు మెలకువ. పగలంతా కళ్ళు మండుతుంటాయి. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి నిలబడే నిద్రపోయాను.

ఒకటి అడుగుతాను, నవ్వొద్దు. ఆ షట్టర్ మళ్ళీ కొంచెం అరిచేటట్టు చేయగలవా? నాకు వినపడేంత, పైన బిడ్డకు వినపడనంత?

అలసిపోయాను.

సిద్ధమ్మ


పుంగనూరు,
17-7-2025

అక్కకు నమస్కారం.

నవ్వలేదు. అంగడివానిని అడిగాను. శబ్దం కూరలో ఉప్పు కాదు తాతా, చాలినంత వేయడానికి అన్నాడు. తుప్పు పడితేనే అరుస్తుందట. అది మన చేతిలో లేదు.

వేరే ఒకటి ఉంది. రాయడానికి నాకు చేయి ఆడడం లేదు. నేనే వచ్చి నా మంచం షట్టర్‌కు అడ్డంగా వేసుకుంటాను. బావ లేస్తే నేను చూసుకుంటాను. నువ్వు లోపల తలుపేసుకుని నిద్రపో.

ఎన్నాళ్ళని అడగొద్దు.

తిమ్మప్ప


కుప్పం,
21-7-2025

తమ్ముడు తిమ్మప్పకు,

నీ జాబు రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండోసారి అనుమానం వచ్చింది.

నిజం చెప్పు. అర్చన ఏమైనా అందా? మనోజ్ అన్నాడా? డెబ్భై దాటినాక మగవాడు కొడుకు ఇల్లు విడిచి అక్క ఇంటికి మంచం మోసుకుని వస్తానంటే ఊరు ఏమనుకుంటుంది? కోడలు తరిమేసింది అంటారు. ఆ పిల్ల నాకు ఫోను చేసినప్పుడల్లా "అత్తమ్మా, మామ మజ్జిగ కూడా అడిగి తాగడు, ఎట్లా సూసుకునేది?" అంటుంది. అట్లాంటి పిల్లకు ఆ పేరు తెస్తావా? ఒకవేళ నిజంగానే అక్కడ నీకు కష్టమైతే అది చెప్పు, ఈ షట్టర్ సాకు వద్దు.

ఇంకొకటి. మీ బావకు తెలివి ఉంటే ఇది ఒప్పుకోడు. నా పెళ్ళైన కొత్తలో అమ్మ నిన్ను కూడా వెంటబెట్టుకుని వచ్చి నెల రోజులు ఉంటానంటే, "మీ అమ్మ ఉండచ్చు, మీ నాయన ఉండచ్చు, తిమ్మప్ప మాత్రం నా ఇంట్లో పని చేస్తూ ఉండకూడదు. నలుగురు నన్ను అంటారు" అన్న మనిషి. నిన్ను తక్కువ చేసి కాదు, నీ గౌరవం చూసి అన్నాడు. ఇప్పుడు తెలివి లేదని ఆయన మాట నేను తీసేయలేను. తెలివి పోయింది గానీ ఆయన ఈ ఇంటి యజమానే కదా.

రావద్దు. హరీష్‌కు సరే అని చెప్పబోతున్నాను. ఇంకా చెప్పలేదు. ఫోను చేతిలోకి తీసుకుంటాను, పక్కన పెడతాను. ఈయనేమో నా కొంగు ముడి విప్పి చుట్టుకుంటూ, "తాడు గట్టిగా ఉందే, ఎవరు ఇచ్చినారు?" అని అడుగుతున్నాడు.

సిద్ధమ్మ


పుంగనూరు,
24-7-2025

అక్కకు తమ్ముడు తిమ్మప్ప రాసేది.

ఇంత పొడుగు జాబు నేను ఎప్పుడూ రాయలేదు. తప్పులు ఎక్కువగానే ఉంటాయి. అయినా చివరిదాకా చదువు.

నన్ను ఎవరూ తరమలేదు. నేను పోతానంటే అర్చన ఏడ్చింది. "యాడికి పోతావు మామా? ఊర్లో అందరూ నన్నే కదా అంటారు" అంది. "నేనే పోయినానని చెప్పుమ్మా" అన్నాను. మనోజ్ నా మంచం నవారు బిగించి ఇచ్చాడు. ఇక్కడ నాకు కష్టం లేదు. పనీ లేదు. ఆవును మనోజ్ చూసుకుంటాడు. నేను అరుగు మీద కూర్చుంటాను, వచ్చేవాళ్ళు ఏదో అంటారు, నేను నవ్వుతాను. అంతే.

బావ మాట తీసేయలేనన్నావు. నిజమే. నేను కూడా తీయను. నువ్వు అన్నదే ఆలోచిస్తూ రాత్రంతా కూర్చున్నాను. బావ వద్దన్నది బావమరిదిని. ఇప్పుడు ఆయనకు నేను బావమరిదిని కాను కదా. ఆయన కళ్ళకు నేను షట్టర్ మేస్త్రీని. ఆయనే కుర్చీలో కూర్చుని పిలిచాడు. ఆయనే టీ తాపించాడు. బావి తవ్వేవాళ్ళు, బోరు వేసేవాళ్ళు పని అయ్యేదాకా ఆ పొలంలోనే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనరు. పొలం యజమానికి చిన్నతనమూ లేదు. నేను కూడా అట్లాగే వస్తాను. షెడ్డులో ఉంటాను. లోపలి గదుల్లోకి రాను. అన్నం నువ్వు షెడ్డులోకే పంపు, మేస్త్రీకి పంపినట్టు. మాధవీలత అడిగినా, ఎవరు అడిగినా అదే చెప్పు.

చీకట్లో ఆయన లేచి వస్తాడు. "అయిందా మేస్త్రీ?" అంటాడు. "ఇంకా లేదన్నా" అంటాను. కాసేపు నా పక్కన కూర్చుంటాడు. తెల్లారుతుంది. మరుసటి రోజు కూడా అంతే. ఆ పని ఎప్పటికీ కాదు, అక్కా. నేను బతికున్నంత కాలం కాకుండా చూసుకుంటాను.

చెవులు లేనివాడు ఏం కాపలా కాస్తాడు అని నీకు అనిపిస్తుంది. మంచం షట్టర్‌కు ఆనించే వేస్తాను. అది కదిలితే నా వీపుకు తెలుస్తుంది. నన్ను దాటకుండా ఆయన ఎత్తలేడు.

ఎప్పుడైనా ఒక రోజు ఆయనకు తెలివి వచ్చి, "తిమ్మప్పా, నువ్వు ఈడ యాల ఉండావు?" అని అడిగితే, మారుమాట లేకుండా చెప్పులు వేసుకుని బస్సెక్కుతాను. ఆ మాట ఆయన నోట విని బస్సెక్కితే నాకంటే సంతోషంగా పోయేవాడు ఆ బస్సులో ఉండడు.

హరీష్‌కు ఇంకా సరే అనలేదని రాశావు. అనకు. నాలుగు దినాలు ఆగమను. వాని మీద నాకూ కోపం లేదు. ఆ పిల్లవాడు వచ్చినప్పుడు నేను అక్కడ ఉంటే, షట్టర్ దగ్గర ఏం జరుగుతుందో వాడే తన కళ్ళతో చూసుకుంటాడు.

మంచం సిద్ధంగా ఉంది. బట్టలు ఇంకా సర్దలేదు. నువ్వు రమ్మనకుండా సర్దితే నాయన ఒప్పుకోడు. నీకు రాయడానికి ఓపిక లేదని తెలుసు. కార్డు మీద ఒక్క మాట రాసినా చాలు. నెలాఖరు దగ్గరికి వచ్చింది, ఫోనైతే నాకు వినపడదు, ఆ మాట కోడలి నోట కాకుండా నీ రాతలోనే చూడాలి. ఈ జాబు అందిన పూటే రాసి పోస్టు డబ్బాలో వేయి, అక్కా.

తిమ్మప్ప